ల్యాప్‌టాప్ ఎంపిక ఎందుకింత కష్టం? ధర చీటీ చెప్పని సంగతులు

బీర్‌గావ్ (రాయ్‌పూర్): ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్‌కు ఉత్తరాన, ఉర్లా, సిల్తరా పారిశ్రామిక వాడల చెంతన ఉన్న బీర్‌గావ్‌లో పని అనగానే స్ఫురించేది ఇనుము. స్పాంజ్ ఐరన్ కర్మాగారాలు, రోలింగ్ మిల్లులు, వాటిని ఆశ్రయించుకున్న చిన్న షెడ్లు ఇక్కడి జీవనాధారం. అయితే సరకు నింపుకున్న లారీ కాటా దాటి రోడ్డెక్కాలంటే ఇనుము ఒక్కటే చాలదు. విలువ రూ.50,000 దాటిన సరకుకు ఈ-వే బిల్లు ఉండాలి. వార్షిక టర్నోవరు రూ.5 కోట్లు మించిన సంస్థలు 2023 ఆగస్టు 1 నుంచి ఇతర వ్యాపారులకు ఈ-ఇన్‌వాయిస్ ఇవ్వాలి. జీఎస్టీ రిటర్నులు, టెండర్లు, డిజిటల్ సంతకాలు, టాలీ లెక్కలు, ఫ్యాబ్రికేషన్ డ్రాయింగులు అన్నీ ఆఫీసు గదిలోని ఒకటి రెండు కంప్యూటర్ల మీదుగానే నడుస్తాయి. అవి మొరాయిస్తే గేటు దగ్గర లారీ ఆగిపోతుంది.

పార్వతీపురం నుంచి రాయ్‌పూర్ వరకు రైలుమార్గం 1931లో పూర్తయినప్పటి నుంచి ఈ ప్రాంతానికీ ఉత్తరాంధ్రకూ రాకపోకలు పెరిగాయి. రైల్వేలోనూ ఉక్కు పరిశ్రమలోనూ కొలువులకు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు రాయ్‌పూర్, భిలాయిలలో నేటికీ ఉన్నాయి. విశాఖపట్నం గాజువాకలోనో, హైదరాబాదు జీడిమెట్లలోనో చిన్న పరిశ్రమ నడిపేవారి అవసరాలకూ ఇక్కడివారి అవసరాలకూ తేడా స్వల్పం. పని కోసం కొత్త ల్యాప్‌టాప్ కొనబోయినప్పుడు ఎదురయ్యే తికమక కూడా అందరికీ ఒకటే. దుకాణంలో ప్రతి యంత్రం పక్కనా వివరాల చీటీ ఉంటుంది. ఆ వివరాలు ఎక్కువే. కానీ అవి అమ్మకానికి అనువుగా పేర్చినవి. కొనేవాడి పనికి కావలసినవి మాత్రం అందులో కనిపించవు.

కొనక తప్పని స్థితి

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ భద్రతా మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. వ్యక్తిగత వినియోగదారులు నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 వరకు భద్రతా సవరణలు పొందే వెసులుబాటు కల్పించారు. విండోస్ 11కు మారాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, ఇంటెల్‌లోనైతే దాదాపుగా 8వ తరం లేదా ఆ తరువాతి ప్రాసెసర్ ఉండాలి. 2017కు ముందు కొన్న యంత్రాలు చాలావరకు ఈ పరీక్షలో నిలవవు. నిక్షేపంగా పనిచేస్తున్న కంప్యూటరును పక్కన పెట్టవలసి రావడమే ఈ వ్యవహారంలో తొలి చికాకు.

రెండో చికాకు ధర. 2025 చివరి నెలల్లో మెమరీ చిప్‌ల ధరలు ప్రపంచవ్యాప్తంగా ఎగబాకాయి. డీర్యామ్ ఉత్పత్తిలో సింహభాగం శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ అనే మూడు సంస్థల చేతిలో ఉంది. కృత్రిమ మేధ డేటా కేంద్రాల నుంచి వచ్చిన గిరాకీతో వాటి దృష్టి అటు మళ్లింది. క్రూషియల్ పేరుతో సామాన్య వినియోగదారులకు మెమరీ అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు 2025 డిసెంబరులో మైక్రాన్ ప్రకటించింది. ముందు తక్కువ మెమరీతో కొని, తీరిక మీద పెంచుకుందామనే పాత ఉపాయం దీనితో మునుపటంత చవక కాకుండా పోయింది.

పేరులోనే మెలిక

కంప్యూటరులో లెక్కలు చేసే ప్రధాన భాగం ప్రాసెసర్. ఇంటెల్ సంస్థ చాలాకాలం ఐ3, ఐ5, ఐ7 అంటూ మెట్లు కట్టింది. అంకె పెద్దదైతే శక్తి ఎక్కువన్న నమ్మకం అలా జనంలో నాటుకుంది. ల్యాప్‌టాప్‌ల విషయంలో ఆ నమ్మకానికి ఎన్నడో కాలం చెల్లింది.

ఉదాహరణకు 13వ తరానికే చెందిన ఐ7-1355యు, ఐ5-13500హెచ్ అనే రెండింటినీ పక్కపక్కన పెట్టి చూద్దాం. మొదటిదానిలో 10 కోర్లు. అందులో బరువైన పనికి ఉద్దేశించినవి రెండే, తక్కిన ఎనిమిదీ విద్యుత్తు పొదుపు కోసం అమర్చిన చిన్న కోర్లు. రెండోదానిలో 12 కోర్లు. వాటిలో పెద్దవి నాలుగు. మొదటిదాని మూల విద్యుత్ పరిమితి 15 వాట్లు, రెండోదానిది 45 వాట్లు. తగినంత చల్లదనం అందే యంత్రంలో పెట్టి, ఎడతెగని బరువు పని అప్పగిస్తే ఐ5 ముందుకు పోతుంది, ఐ7 వెనకబడుతుంది. పేరు చివరి ‘యు’, ‘హెచ్’ అక్షరాలే ఇక్కడ కీలకం. ‘యు’ రకం తక్కువ విద్యుత్తుతో ఎక్కువసేపు బ్యాటరీ మీద నడుస్తుంది. ‘హెచ్’ రకం వేడి, ఫ్యాను చప్పుడు, బరువు వెంటబెట్టుకుని వచ్చే బలశాలి. లెక్కలు రాసేవారికి మొదటిది చాలు. నిర్మాణ డ్రాయింగులు గీసేవారికి రెండోది కావాలి. ధర చీటీ మీద మాత్రం పెద్ద అక్షరాల్లో కనిపించేది ‘ఐ7’ ఒక్కటే.

2023లో ఇంటెల్ ఈ మెట్ల వరుసనే మార్చివేసింది. ‘ఐ’ అక్షరాన్ని తొలగించి కోర్, కోర్ అల్ట్రా అని రెండు వరుసలు తెచ్చింది. 2024 జనవరిలో వచ్చిన కోర్ 7 150యు పేరుకు కొత్తది. లోపలి నిర్మాణం 13వ తరం నాటిదే. కోర్ అల్ట్రా 7 155హెచ్‌లోనిది పూర్తిగా వేరే నిర్మాణం. రెండింటి పేరులోనూ ‘7’ ఉంది గనుక రెండూ ఒకటేనని దుకాణంలో చెబితే కాదనడం సామాన్యుడికి కష్టం. పెంటియం, సెలెరాన్ అనే పాత పేర్లూ పోయాయి. వాటి స్థానంలో ‘ఇంటెల్ ప్రాసెసర్’ అని మాత్రమే రాస్తున్నారు. ఎన్100 వంటివి ఆ కోవలోవే. అందులో ఉన్నవి నాలుగూ చిన్న కోర్లే. పిల్లల చదువుకు సరిపోవచ్చు. నెలాఖరున వేల పద్దుల టాలీ ఫైలు, ఎక్సెల్ పట్టిక, బ్రౌజరులో జీఎస్టీ పోర్టల్ ఒకేసారి తెరిచే గుమస్తాకు సరిపోదు.

ఏఎండీ సంస్థ తన 7000 వరుసలో మరో రకం పజిల్ పెట్టింది. రైజెన్ 5 7520యు, 7530యు, 7540యు అన్న మూడూ చూడటానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. మొదటిదానిలో ఉన్నది 2019లో వెలుగు చూసిన జెన్ 2 నిర్మాణం, నాలుగు కోర్లు. రెండోది జెన్ 3, ఆరు కోర్లు. మూడోది జెన్ 4. గుర్తు పట్టే చోటు మూడో అంకె: 2 ఉంటే జెన్ 2, 3 ఉంటే జెన్ 3 లేదా దాని సవరించిన రూపం, 4 ఉంటే జెన్ 4. ఈ పద్ధతిని సంస్థ దాచలేదు, బహిరంగంగానే ప్రకటించింది. కానీ మూడో అంకెను చదివి కొనాలని కొనేవాడికి చెప్పే బాధ్యత ఎవరూ తీసుకోలేదు.

ప్రాసెసర్‌ను సరిగా గుర్తుపట్టినా పని పూర్తికాదు. దానికి ఎంత విద్యుత్తు ఇవ్వాలన్నది ల్యాప్‌టాప్ తయారీదారు నిర్ణయిస్తాడు. పలుచని యంత్రంలో పరిమితి తగ్గిస్తారు, దళసరి యంత్రంలో పెంచుతారు. విడిగా గ్రాఫిక్స్ చిప్ ఉన్నవాటిలో ఈ తేడా మరింత స్పష్టం. ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 4050 ల్యాప్‌టాప్ చిప్‌ను 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఏ స్థాయిలోనైనా అమర్చుకోవచ్చు. పేరు మాత్రం అదే.

మోడల్ పేర్లది మరో కథ. ఒకే పేరుతో అమ్ముడుపోయే ల్యాప్‌టాప్‌లో పదికి తక్కువ కాకుండా రకాలుంటాయి. ప్రాసెసర్, మెమరీ, తెర, బ్యాటరీ అన్నీ మారిపోతాయి. అంతర్జాలంలో ప్రశంసలు పొందిన యంత్రం ఒకటి, మన దేశంలో అదే పేరుతో దొరికేది మరొకటి కావచ్చు. అందువల్ల సమీక్షల్లోని పేరును కాక, పెట్టె మీదా యంత్రం అడుగునా ఉండే పూర్తి ఉత్పత్తి సంఖ్యను పట్టుకోవాలి. దానిని తయారీ సంస్థ వెబ్‌సైటులో వెతికితే అసలు వివరాలు బయటపడతాయి. లెనోవో సంస్థ పీఎస్‌రెఫ్ పేరుతో ఇలాంటి పట్టికలను అందరికీ అందుబాటులో ఉంచింది. కొనబోయే ముందు ఈ అరగంట శ్రమ దుకాణాల చుట్టూ తిరిగే రెండు రోజుల కంటే మేలు.

తర్వాత పెంచుకుందామంటే

మెమరీ గురించి అడగవలసిన ప్రశ్నలు రెండు: ఎంత ఉంది, తరువాత పెంచుకోవచ్చా. పలుచని ల్యాప్‌టాప్‌లలో విరివిగా వాడే ఎల్‌పీడీడీఆర్5 రకం మెమరీని దాదాపు అన్నింటా మదర్‌బోర్డుకే అతికించేస్తారు. అది 8 జీబీ అయితే యంత్రం బతికినంతకాలం 8 జీబీయే. స్లాటు ఉన్నవాటిలో కూడా ఒకే కడ్డీ పెట్టి అమ్మడం పరిపాటి. అంతర్గత గ్రాఫిక్స్‌కు విడి మెమరీ ఉండదు, ప్రధాన మెమరీ నుంచే పంచుకుంటుంది. కాబట్టి రెండు కడ్డీలుంటే డ్రాయింగులు తిప్పేటప్పుడు వేగం కంటికి కనిపించేంతగా పెరుగుతుంది. ఐదేళ్లు వాడదలచిన ఆఫీసు యంత్రానికి 16 జీబీకి తగ్గవద్దన్నది ఈ వ్యాస రచయిత అభిప్రాయం. ప్రాసెసర్‌లో ఒక మెట్టు దిగి అయినా ఆ డబ్బును మెమరీ మీద పెట్టడం తెలివైన బేరం.

నిల్వ సామర్థ్యం విషయంలో పెద్ద చిక్కేమీ లేదు. 512 జీబీ అని రాసినది విండోస్‌లో 477గా కనిపిస్తే అది మోసం కాదు. తయారీదారు వెయ్యి చొప్పున, విండోస్ 1,024 చొప్పున లెక్కించడం వల్ల వచ్చిన తేడా.

35 డిగ్రీల హద్దు, 43 డిగ్రీల ఊరు

బీర్‌గావ్ వంటి చోట అన్నింటికంటే ముందు చర్చించవలసినదీ, దుకాణంలో ఎవరూ ప్రస్తావించనిదీ వాతావరణం. ల్యాప్‌టాప్‌ల సాంకేతిక పత్రంలో ‘పనిచేసే పరిసర ఉష్ణోగ్రత’ అనే పంక్తి ఒకటి ఉంటుంది. మామూలు యంత్రాల్లో దాని గరిష్ఠ హద్దు సాధారణంగా 35 డిగ్రీల సెల్సియస్. యాపిల్ తన మ్యాక్‌బుక్‌లకు 10 నుంచి 35 డిగ్రీలని పేర్కొంది. రాయ్‌పూర్‌లో మే నెల మధ్యాహ్నం 42, 43 డిగ్రీలు మామూలు మాట. 45 దాటిన రోజులూ లేకపోలేదు. రేకుల షెడ్డు కింద, కూలరు మాత్రమే ఉన్న కాటా గదిలో యంత్రం తయారీదారు గీసిన గీతకు అవతలే పనిచేస్తోందన్న మాట.

హద్దు దాటిన వెంటనే యంత్రం కాలిపోదు. తనను తాను కాపాడుకోవడానికి ప్రాసెసర్ వేగం తగ్గించుకుంటుంది. దుకాణంలోని ఏసీ గదిలో చురుగ్గా కనిపించిన ల్యాప్‌టాప్ ఆఫీసులో నత్తనడక నడవడానికి ఒక కారణం ఇదే. పలుచని ఒంట్లో బలమైన ప్రాసెసర్ దూర్చిన యంత్రాలకు ఈ జబ్బు ఎక్కువ. వేడి వల్ల లిథియం అయాన్ బ్యాటరీ ఆయుష్షు కూడా తరుగుతుంది. రోజంతా చార్జరుకు తగిలించి వాడేవారు, చాలా సంస్థలు ఇచ్చే సదుపాయాన్ని ఉపయోగించుకుని చార్జింగును 80 శాతం దగ్గర ఆపుకోవడం మంచిది.

ఇక దుమ్ము. ఇళ్లలోని దుమ్ము ఫ్యాను రెక్కల మీద పేరుకుని గాలిని అడ్డుకుంటుంది, అంతే. స్పాంజ్ ఐరన్, రోలింగ్ మిల్లుల పరిసరాల్లో గాలిలో తేలేది ఇనుప రజను, బొగ్గు నుసి. రెండూ విద్యుత్తును ప్రసరింపజేయగల పదార్థాలు. ఇనుప రజను అయస్కాంతానికి అంటుకుంటుంది కూడా. ల్యాప్‌టాప్ స్పీకర్లలోనూ, మూత అంచుల్లోనూ అయస్కాంతాలుంటాయి. యంత్రం అడుగున ఉన్న రంధ్రాల గుండా ఫ్యాను ఈ గాలినే లోపలికి పీలుస్తుంది. అందుచేత ఇక్కడ కొనేవారు అడగవలసిన మొదటి ప్రశ్న ‘అడుగు మూత సులువుగా విప్పి శుభ్రం చేయవచ్చా?’ అన్నది. మామూలు స్క్రూలతో తెరుచుకునే వ్యాపార శ్రేణి యంత్రాలకు ఈ విషయంలో మార్కులు పడతాయి. ఫ్యానే లేని మ్యాక్‌బుక్ ఎయిర్ వంటివి దుమ్ము పీల్చవు. కానీ వేడిలో ఎక్కువసేపు బరువు పని చేస్తే నెమ్మదిస్తాయి.

‘మిలిటరీ గ్రేడ్’ అన్న మాట చూసి మురిసిపోవలసిన పని లేదు. ఎంఐఎల్-ఎస్‌టీడీ-810హెచ్ అమెరికా సైన్యం రూపొందించిన పరీక్షా పద్ధతుల సంకలనం. అందులో వేటిని జరపాలో తయారీ సంస్థే ఎంచుకోవచ్చు; అన్నింటినీ పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే అధికార సంస్థ ఏదీ లేదు. ఇసుక, దుమ్ము పరీక్ష జరిపారా, ఏ ఉష్ణోగ్రత దగ్గర జరిపారు అన్నది విడిగా చూసుకోవాలి.

అసలు ల్యాప్‌టాపే కావాలా అన్న ప్రశ్న కూడా వేసుకోవచ్చు. కుర్చీ కదలని లెక్కల గదికి డెస్క్‌టాప్ అదే డబ్బుకు ఎక్కువ శక్తినిస్తుంది, భాగాలు విడివిడిగా మార్చుకోవచ్చు. అయితే దానికి యూపీఎస్ కావాలి. కరెంటు తరచూ వచ్చిపోయే చోట ల్యాప్‌టాప్ బ్యాటరీయే యూపీఎస్.

తెర సంగతి తేలికగా తీసుకునేది కాదు. రోజుకు ఎనిమిది గంటలు చూడవలసింది దానినే. చవక యంత్రాల్లో 250 నిట్ల వెలుగు, 45 శాతం ఎన్‌టీఎస్‌సీ రంగుల తెర పెడతారు. కిటికీ పక్కన కూర్చుంటే ఈ వెలుగు చాలదు. 300 నిట్లు దాటినది చూసుకోవాలి. పొడవైన పట్టికలతో పని ఉన్నవారికి 16:9 కంటే 16:10 నిష్పత్తి తెరలో అదనంగా కొన్ని వరసలు కనిపిస్తాయి.

డబ్బా మీద ఉచితం, లైసెన్సులో షరతు

కొత్తగా వచ్చిన స్నాప్‌డ్రాగన్ ఎక్స్ ప్రాసెసర్ల ల్యాప్‌టాప్‌లు 2024 జూన్‌లో మార్కెట్లోకి వచ్చాయి. బ్యాటరీ ఎక్కువసేపు నిలుస్తుంది, వేడి తక్కువ. ఇవి వేరే నిర్మాణం మీద నడుస్తాయి కాబట్టి పాత ప్రోగ్రాములను అనువదించుకుని నడుపుతాయి. ప్రోగ్రాములకు ఈ అనువాదం పనిచేస్తుంది, డ్రైవర్లకు పనిచేయదు. డిజిటల్ సంతకపు యూఎస్‌బీ టోకెను, పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు, కాటా యంత్రాన్ని కలిపే పరికరం వీటన్నింటికీ ప్రత్యేక డ్రైవర్లు కావాలి. అవి దొరుకుతాయో లేదో టోకెను ఇచ్చిన సంస్థను అడిగి తెలుసుకోకుండా ఈ రకం కొనడం సాహసమే. మ్యాక్ కొనదలచినవారికీ ఇదే హెచ్చరిక వర్తిస్తుంది; టాలీ విండోస్ కోసం రూపొందిన సాఫ్ట్‌వేర్.

‘కోపైలట్ ప్లస్ పీసీ’ అన్న ముద్ర కనిపిస్తే, అందులో సెకనుకు 40 లక్షల కోట్ల లెక్కలు చేయగల కృత్రిమ మేధ విభాగం, కనీసం 16 జీబీ మెమరీ, 256 జీబీ నిల్వ ఉన్నాయని అర్థం. ఖాతా పుస్తకాలకు ఆ విభాగంతో ఈనాటికి పెద్దగా పని పడదు. 16 జీబీ మెమరీ మాత్రం పనికొస్తుంది.

‘ఎంఎస్ ఆఫీస్ ఉచితం’ అన్న వాక్యం వెనుక ఒక షరతు దాగి ఉంది. ల్యాప్‌టాప్‌లతో విరివిగా ఇచ్చిన హోమ్ అండ్ స్టూడెంట్ 2021 కూర్పు ఇంటి వాడకానికి ఉద్దేశించినది. వ్యాపార వినియోగానికి లైసెన్సు వేరు. విండోస్ హోమ్ కూర్పులో దూరం నుంచి ఆ యంత్రంలోకి ప్రవేశించే రిమోట్ డెస్క్‌టాప్ సదుపాయం ఉండదు, ఆఫీసు డొమైన్‌లో చేర్చడమూ కుదరదు. అవి కావాలంటే ప్రో కూర్పు తీసుకోవాలి.

పన్ను, కిస్తీ, వారంటీ

ల్యాప్‌టాప్ మీద జీఎస్టీ 18 శాతం. రూ.59,000 పెట్టి కొంటే అందులో రూ.9,000 పన్ను. సాధారణ పద్ధతిలో జీఎస్టీ నమోదున్న వ్యాపారి తన జీఎస్టీ సంఖ్యతో బిల్లు తీసుకుని, యంత్రాన్ని వ్యాపారానికి వాడితే ఆ పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా పొందవచ్చు. కాంపొజిషన్ పథకంలో ఉన్నవారికి ఆ అవకాశం లేదు. ఆదాయపు పన్ను లెక్కల్లో కంప్యూటర్లకు 40 శాతం తరుగుదల అనుమతిస్తారు. అయితే పన్ను భాగాన్ని కూడా కలిపి తరుగుదల చూపితే ఇన్‌పుట్ క్రెడిట్ దక్కదు. పండుగ ఆఫరులో వెయ్యి రూపాయలు తగ్గుతుందని వ్యక్తిగత ఖాతాలో కొని, ఈ తొమ్మిది వేలు వదులుకునేవారు ఉన్నారు.

‘వడ్డీ లేని కిస్తీ’లోనూ వడ్డీ ఉంటుంది. దానిని ముందుగా రాయితీ రూపంలో ధరలో తగ్గించి చూపుతారు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, బ్యాంకు ప్రాసెసింగు రుసుము కొనేవాడి మీదే పడతాయి.

బడ్జెటు తక్కువైతే నవీకరించిన వ్యాపార శ్రేణి యంత్రాలు చూడదగ్గవి. పెద్ద సంస్థలు మూడు నాలుగేళ్లు వాడి వదిలేసిన థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్, ఎలైట్‌బుక్ వంటివి మార్కెట్లో దొరుకుతాయి. వాటి కీబోర్డు, అతుకులు కొత్త చవక యంత్రాల కంటే గట్టివి, విప్పడం తేలిక. 8వ తరం కంటే పాతవి ఎంత చవకగా వచ్చినా ముట్టవద్దు. విండోస్ 11 అధికారికంగా వాటిని అంగీకరించదు. బ్యాటరీ మార్పు ఖర్చును ముందే ధరలో కలుపుకోవాలి.

వారంటీ ఎన్నేళ్లన్న దానికంటే ఎక్కడ అన్నది ముఖ్యం. మరమ్మతు మనిషి ఆఫీసుకు వస్తాడా, యంత్రాన్ని మనమే రాయ్‌పూర్ సర్వీసు కేంద్రానికి మోసుకుపోవాలా అన్నది కాగితం మీద చూసుకోవాలి. యంత్రానికి మూడేళ్ల హామీ ఉన్నా బ్యాటరీకి చాలాసార్లు ఏడాదే ఉంటుంది. కింద పడటం, నీళ్లు ఒలకడం మామూలు వారంటీలోకి రావు. విడిభాగాలు, మరమ్మతుల సమాచారం కోసం కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్‌ను ప్రారంభించింది. వివాదం వస్తే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం సంఖ్య 1915.

పెట్టె తెరిచిన రోజే చేయవలసిన పని ఒకటుంది. యంత్రం అడుగునున్న క్రమ సంఖ్యనూ బిల్లు మీది సంఖ్యనూ సరిచూసుకుని, తయారీ సంస్థ వెబ్‌సైటులో వారంటీ ఏ తేదీన మొదలైనట్టు ఉందో చూడాలి. దుకాణంలో నెలల తరబడి నిలవున్న సరకుకు వారంటీ కొన్న తేదీకి ముందే మొదలైనట్టు కనిపించవచ్చు. బిల్లు పంపి తేదీ సరిచేయమని కోరితే సంస్థలు సాధారణంగా సవరిస్తాయి.